చిట్టెలుక చెప్పిన తుపాను కథ

సికింద్రాబాద్‌లో రైలెక్కి భద్రాచలం రోడ్డు స్టేషన్లో దిగితే రాములవారి గుడి కనిపించదు. ఎందుకంటే ఆ దిగిన ఊరు కొత్తగూడెం. గుడికి వెళ్లాలంటే పాల్వంచ మీదుగా అడవి అంచునే ఇంకో నలభై కిలోమీటర్లు పోయి, గోదావరి వంతెన దాటాలి. కొత్తగూడెంలో కనిపించేది బొగ్గు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు పొరల్ని గుర్తించిన దగ్గర్నుంచి ఆ ప్రాంతం రాతే మారిపోయింది. సింగరేణి ప్రధాన కార్యాలయం ఇక్కడే. అంతకుముందు ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ ఊరు 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకి కేంద్రం.

గనులున్న ఊరు కాబట్టి సింగరేణివాళ్లదే ఒక మహిళా కళాశాల కూడా ఉంది. అక్కడ రసాయన, జంతు, వృక్షశాస్త్రాలు తీసుకుని డిగ్రీ చేసిన ఒక అమ్మాయి పేరు 2020 చివర్లో ప్రపంచమంతా వినిపించింది. ఆమె కన్నెగంటి తిరుమలదేవి. అమెరికాలోని మెంఫిస్ నగరంలో, సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆసుపత్రిలో ఇమ్యునాలజీ ప్రొఫెసర్. కరోనా వచ్చినవాళ్లలో కొందరు రెండో వారంలో ఉన్నట్టుండి ఎందుకు కుప్పకూలిపోతున్నారన్న ప్రశ్నకి ఆమె బృందం ఒక గట్టి జవాబు చెప్పింది. ఆ జవాబు దొరికింది చిట్టెలుకల దగ్గర. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ప్రయోగశాలలో తయారుచేసిన రెండు చిట్టెలుక ప్రొటీన్ల దగ్గర!

కరోనా కాలంలో 'సైటోకైన్ స్టార్మ్' అన్న మాట వినని ఇల్లు లేదు. సీటీ స్కాన్ స్కోరు, ఐఎల్-6, డి-డైమర్... ఇంటర్ తప్పినవాళ్లు కూడా రిపోర్టులు చదివి అర్థం చెప్పేవారు. అయితే ఆ తుపానులో అసలు దోషి ఎవరన్నది మాత్రం చాలారోజులు తేలలేదు.

సీసాలో ఏముంది?

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది, రాత్రంతా సలుపుతుంది. డాక్టర్లు దీన్నంతా కలిపి ఇన్‌ఫ్లమేషన్ అంటారు. తెలుగులో ఒక్క ముక్కలో చెప్పడం కష్టమే. వాపు అంటే సగం చెప్పినట్టు, మంట అంటే మిగతా సగం. ఏదైతేనేం, అది శరీరం మన మేలుకోరి చేసే పనే. ముల్లుతోపాటు లోపలికి జొరబడ్డ సూక్ష్మజీవుల్ని చంపడానికి తెల్లరక్తకణాలు పరుగున వస్తాయి. అవి రావాలంటే ఎవరో కబురు పెట్టాలి కదా... ఆ కబుర్లే సైటోకైన్లు. కణాలు ఒకదానికొకటి పంపుకునే చిన్నచిన్న ప్రొటీన్లు ఇవి. ఊళ్లో దొంగలు పడితే దండోరా వేసినట్టన్నమాట. అయితే దండోరా ఆగకపోతే? దొంగ పారిపోయినా జనం కర్రలతో వీధుల్లో తిరుగుతూ కనిపించినవాణ్నల్లా కొడితే? తుపాను అంటే అదే.

ఈ కబుర్లలో చాలా పాతది, చాలా పేరున్నది టీఎన్ఎఫ్. ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్... అంటే కణితిని చంపే పదార్థం. 1890ల్లో న్యూయార్క్‌లో విలియం కోలీ అనే సర్జన్, కొందరు క్యాన్సర్ రోగులకి తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ సోకాక కణితి కరిగిపోవడం గమనించి, కావాలనే బ్యాక్టీరియాని ఎక్కించి చూశాడు. కొందరికి నయమైంది, కొందరు ఆ ఇన్‌ఫెక్షన్‌కే పోయారు. ఎనభై ఏళ్ల తర్వాత 1975లో అదే నగరంలో ఎలిజబెత్ కార్స్‌వెల్, లాయిడ్ ఓల్డ్‌ల బృందం దీని వెనకున్న పదార్థాన్ని పట్టుకుంది. బీసీజీ ఇచ్చిన చిట్టెలుకలకి బ్యాక్టీరియా విషాన్ని ఎక్కించి, వాటి రక్తంలోంచి తీసిన సీరాన్ని కణితి ఉన్న వేరే ఎలుకలకి ఇస్తే ఆ కణితి నల్లబడి చచ్చిపోయింది. ఆ సీరంలోని పదార్థానికే టీఎన్ఎఫ్ అని పేరు పెట్టారు.

న్యూయార్క్‌లోనే ఇంకో ప్రయోగశాలలో ఆంటొనీ సెరామీ వేరే లెక్కలో ఉన్నాడు. దీర్ఘకాలం ఇన్‌ఫెక్షన్ ఉన్న పశువులు తిండి సరిగా తినక చిక్కి శల్యమైపోతాయి కదా, అలా చిక్కేలా చేసేది ఏమిటన్నది ఆయన వెతుకులాట. దొరికినదానికి కాకెక్టిన్ అని పేరు పెట్టాడు. 1985లో ఆయనా, బ్రూస్ బాయిట్లర్ అనే యువ డాక్టరూ కలిసి దాన్ని శుద్ధిచేసి చూస్తే అది అచ్చం టీఎన్ఎఫే! ఒకే మనిషికి రెండు ఊళ్లలో రెండు రేషన్ కార్డులు ఉన్నట్టు, ఒకే ప్రొటీను రెండు పేర్లతో చలామణీ అయ్యిందన్నమాట. కణితిని చంపేదీ, మనిషిని చిక్కించేదీ, ఎక్కువైతే రక్తపోటు పడిపోయి ప్రాణం తీసేదీ ఒకటే. క్యాన్సర్‌కి మందవుతుందనుకున్న టీఎన్ఎఫ్‌ని రోగుల ఒళ్లంతా ఎక్కించి చూశారు గానీ, దాని విషప్రభావం ఎక్కువై ఆ దారి ముందుకు సాగలేదు.

మరి దీన్ని ప్రయోగశాలలో ఎలా తయారుచేస్తారు? ఒకప్పుడు వేల ఎలుకల రక్తం పిండితే కాస్త వచ్చేది. 1984, 85ల్లో మనిషి టీఎన్ఎఫ్ జన్యువునీ, చిట్టెలుక టీఎన్ఎఫ్ జన్యువునీ విడదీశాక ఆ బాధ తప్పింది. జన్యువుని ఇ.కోలి అనే బ్యాక్టీరియాలో పెడతారు. పాలల్లో తోడు వేసినట్టు ఆ బ్యాక్టీరియాని పోషక ద్రవంలో వేసి వెచ్చగా ఉంచితే అది తామరతంపరగా పెరుగుతూ, తనకి ఎందుకూ కొరగాని చిట్టెలుక ప్రొటీన్‌ని తయారుచేసి పెడుతుంది. దాన్ని వడకట్టి, శుద్ధిచేసి, గడ్డకట్టించి ఆరబెడతారు. రీకాంబినెంట్ ప్రొటీను అంటే ఇంతే. తెలుగువాళ్లకి ఇది మరీ కొత్త సంగతి కూడా కాదు. వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన శాన్‌వాక్-బి టీకా కూడా రీకాంబినెంట్ ప్రొటీనే. కాకపోతే అక్కడ బ్యాక్టీరియాకి బదులు ఈస్ట్‌ని వాడారు.

ఇక్కడో చిక్కుంది. ఇ.కోలి పైపొరలో ఎండోటాక్సిన్ అనే పదార్థం ఉంటుంది. ఒంట్లో టీఎన్ఎఫ్ పుట్టించడంలో దాన్ని మించింది లేదు. తయారైన ప్రొటీన్లో దాని జాడ ఏమాత్రం మిగిలినా, ప్రయోగంలో ఎలుక కణం చచ్చిపోయింది ప్రొటీన్‌ వల్లా, మురికి వల్లా అన్నది తేల్చలేం. అందుకే ప్రతి బ్యాచ్‌నీ పరీక్ష చేస్తారు. ఆ పరీక్షకి పనికొచ్చేది అమెరికా అట్లాంటిక్ తీరంలో దొరికే గుర్రపునాడా పీత రక్తం. నీలంగా ఉండే ఆ రక్తంలోని పదార్థం, ఎండోటాక్సిన్ కాస్త తగిలినా గడ్డకడుతుంది. ఎలుక జన్యువు, బ్యాక్టీరియా కష్టం, పీత రక్తం... చివరికి చేతికొచ్చేది సీసా అడుగున కంటికి ఆనీ ఆనని తెల్లటి పొర. మైక్రోగ్రాముల లెక్కన అమ్ముతారు. చల్లటి ఫ్రీజర్లో పెట్టకపోతే పాడైపోతుంది.

మనిషి ప్రొటీను ఉండగా చిట్టెలుకది ఎందుకని అడగొచ్చు. మనిషి టీఎన్ఎఫ్, ఎలుక టీఎన్ఎఫ్ దాదాపు ఎనభై శాతం ఒకేలా ఉంటాయి. మనిషిది ఎలుకకి ఇస్తే పనిచేస్తుంది గానీ సగమే. టీఎన్ఎఫ్ కబురు లోపలికి వెళ్లడానికి కణం మీద రెండు రకాల తలుపులుంటాయి. మనిషి టీఎన్ఎఫ్‌కి ఎలుకలో ఒక తలుపే తెరుచుకుంటుంది. ఇంటర్‌ఫెరాన్-గామా అనే ఇంకో సైటోకైన్ అయితే మరీ మొండిది. మనిషిదీ ఎలుకదీ పోలిక నలభై శాతమే కాబట్టి, ఒకరిది ఇంకొకరికి అస్సలు పట్టదు. కాబట్టి చిట్టెలుకతో ప్రయోగమైతే చిట్టెలుక ప్రొటీనే కావాలి.

మిర్చితో మొదలై...

తిరుమలదేవి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ఉస్మానియాలో చేశారు. అప్పట్లో ఆమె పని ఎలుకల మీద కాదు, రోగనిరోధక శక్తి మీదా కాదు. బూజు మీద! తడి తగిలిన పంటకి బూజు పడితే అందులో విషాలు పుడతాయి. ఓక్రాటాక్సిన్ అలాంటిది. మిరపకాయల్లో దాన్ని పట్టుకునే పరీక్ష ఒకటి తయారుచేసి, ఇక్రిశాట్ శాస్త్రవేత్తలతో కలిసి 2000లో ఆమె పరిశోధన పత్రం ప్రచురించారు. ఆ తర్వాత మిరియాలు, ధనియాలు, అల్లం, పసుపు... చివరికి పాలల్లో అఫ్లటాక్సిన్ దాకా చూశారు. ఖమ్మం మిర్చి యార్డు తెలిసినవాళ్లకి ఈ పరిశోధన విలువ వేరే చెప్పక్కర్లేదు. కుప్పలో తడి కాయ ఉందంటే ధర ఎక్కడికి పడిపోతుందో రైతుకే తెలుసు.

అమెరికా వెళ్లాక విస్కాన్సిన్, ఒహాయో స్టేట్ యూనివర్సిటీల్లో మొక్కల తెగుళ్లూ, మొక్కలు వాటిని ఎదుర్కొనే తీరూ పట్టుకున్నారు. ఆలుగడ్డకి మాడు తెగులు తెచ్చే ఫైటాఫ్తోరా అనే జీవి ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లండ్‌ని కరవులో ముంచింది అదే. దానిలోని రెండు ప్రొటీన్లు కలిస్తే, విడివిడిగా చంపేదానికన్నా ఎంతో ఎక్కువగా ఆకు కణాల్ని చంపుతాయని 2006లో వచ్చిన పత్రంలో ఆమె చూపించారు. రెండు ప్రొటీన్లు కలిస్తే కణం చస్తుంది... ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. కథ మళ్లీ ఇక్కడికే వస్తుంది.

ఆకుల నుంచి జంతువుల వైపు మళ్లింది మిషిగన్ యూనివర్సిటీలో, గాబ్రియెల్ నూన్యెజ్ ప్రయోగశాలలో. ముప్పై దాటాక, పేరు తెచ్చుకున్న రంగాన్ని వదిలి కొత్త రంగంలో మళ్లీ అక్షరాభ్యాసం చేయడం తేలికైన పనేం కాదు. చాలామంది చేయరు. ఆమె చేశారు. 2006లో 'నేచర్'లో వచ్చిన ఆమె పత్రం, కణం లోపల ఉండే ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రొటీను సూక్ష్మజీవుల ఆర్ఎన్ఏ వల్ల ఎలా మేల్కొంటుందో చెప్పింది. దీన్ని ఇంటి కాపలాదారనుకోవచ్చు. లోపల ఏదో తేడా ఉందని పసిగట్టగానే ఇంకొన్ని ప్రొటీన్లని కూడగట్టుకుని మంట రాజేస్తుంది. అదే ఏడాది అదే పత్రికలో వచ్చిన మరో పరిశోధన, గౌట్ రోగుల కీళ్లలో పేరుకునే యూరిక్ ఆమ్లం పలుకులు కూడా ఇదే కాపలాదార్ని లేపుతాయని తేల్చింది. 2008లో ఇంకో సంగతి బయటపడింది. సిలికా దుమ్ము పీల్చినవాళ్ల ఊపిరితిత్తుల్లో మంట పెట్టేదీ ఎన్ఎల్ఆర్‌పీ3 యే! గనుల ఊరి నుంచి వెళ్లిన మనిషి పట్టుకున్న దారి, రాతి దుమ్ము తిన్న ఊపిరితిత్తుల దగ్గరికే వచ్చింది. భూమి కింద ముప్పై ఏళ్లు పనిచేసి, రిటైరయ్యాక మెట్టెక్కితే ఆయాసపడే సింగరేణి తాతలు కొత్తగూడెంలో ఏ వాడలోనైనా కనిపిస్తారు.

2007లో ఆమె సెయింట్ జూడ్‌లో చేరారు. 1962లో మొదలైన ఆ ఆసుపత్రి క్యాన్సర్, రక్తవ్యాధులున్న పిల్లల్ని చేర్చుకుంటుంది. వైద్యానికి తల్లిదండ్రుల దగ్గర బిల్లు వసూలు చేయదు.

ఇరవై ఎనిమిది జంటలు

కణాలు చచ్చే తీరులో కూడా రకాలున్నాయి. ఒకటి అపోప్టోసిస్. శిశిరంలో టేకాకు రాలినట్టు చడీచప్పుడూ లేకుండా పోవడం. గ్రీకులో ఆ మాటకి అర్థం కూడా ఆకు రాలడమే. రెండోది పైరోప్టోసిస్. కణం ఉబ్బి, పగిలి, లోపలున్న మంటనంతా బయటికి కక్కుతుంది. మూడోది నెక్రోప్టోసిస్. అదీ పగిలిపోవడమే గానీ దారి వేరు. వీటిని మూడు వేరువేరు రోడ్లుగా పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ సోకిన ఎలుక కణాల్ని పరిశీలిస్తూ తిరుమలదేవి బృందం 2016లో జెడ్‌బీపీ1 అనే ప్రొటీను ఒక్కటే ఈ మూడు రోడ్లనీ తెరుస్తోందని గమనించింది. ఒక రోడ్డు మూసేస్తే కణం ఇంకో రోడ్డున పోతోంది. మూడింటి మొదటి అక్షరాలూ కలిపి 2019లో దీనికి 'పానాప్టోసిస్' అని పేరు పెట్టారు. ఇది నిజంగా వేరే రకం చావా, లేక మూడూ ఒకేసారి జరుగుతుంటే పెట్టుకున్న పేరా అని వాదించే శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఉన్నారు. పేరు సంగతి ఎలా ఉన్నా, మూడు దారులకీ ఒకదానితో ఒకటి సంబంధం ఉందన్నది ప్రయోగాల్లో గట్టిగానే కనిపిస్తోంది.

ఇంతలో 2020 వచ్చింది. కరోనా ముదిరిన రోగుల రక్తంలో ఎనిమిది సైటోకైన్లు బాగా పెరిగి కనిపిస్తున్నాయి. ఇందులో చంపేది ఏది? రాజేంద్ర కార్కీతో పాటు ఆమె బృందంలోని పరిశోధకులు చిట్టెలుక ఎముక మజ్జ నుంచి మాక్రోఫేజ్‌లని పెంచారు. ఇవి సూక్ష్మజీవుల్ని మింగే పెద్ద తెల్లకణాలు. వాటి మీద ఎనిమిదింటినీ కలిపి పోశారు. కణాలు చచ్చాయి. విడివిడిగా పోశారు. ఏ ఒక్కటీ చంపలేదు. ఇక జంటలు కట్టారు. ఎనిమిదింటిని ఇద్దరిద్దరుగా పేరిస్తే లెక్కల మాస్టారు చెప్పినట్టు ఇరవై ఎనిమిది జంటలొస్తాయి. అన్నీ పరీక్షించారు. ఒక్క జంట మాత్రమే కణాల్ని చంపింది. టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా! లోకమంతా అనుమానించిన ఐఎల్-6 ఆ జంటలో లేదు.

అదే ఆలుగడ్డ ఆకులో చూసిన కథ... రెండు కలిస్తేనే.

ఆ జంట ఎలా పనిచేస్తుందో కూడా వెతికారు. రెండూ కలిసి జాక్, స్టాట్1, ఐఆర్ఎఫ్1 అనే ప్రొటీన్లని వరసగా మేల్కొలుపుతాయి. దాంతో కణంలో నైట్రిక్ ఆక్సైడ్ విపరీతంగా పుట్టి, మూడు చావుదారులూ ఒకేసారి తెరుచుకుంటాయి. స్టాట్1 లేకుండా పుట్టించిన ఎలుకలకి ఈ రెండు ప్రొటీన్లూ ఎక్కించినా తట్టుకున్నాయి. మామూలు ఎలుకలకి ఎక్కిస్తే కరోనా ముదిరిన మనిషిలో కనిపించే మార్పుల్లాంటివే వాటిలోనూ వచ్చి చచ్చిపోయాయి. వైరస్ ఒక్కటి కూడా లేకుండానే! చంపుతున్నది కేవలం వైరస్ కాదు, దాన్ని చూసి మన ఒళ్లు వేసుకునే దండోరా అని ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం. ఆ తర్వాత రెండు ప్రొటీన్లనీ పట్టి కట్టేసే యాంటీబాడీలు ఇచ్చి చూశారు. కరోనా సోకిన ఎలుకల్లో చావులు తగ్గాయి. రక్తం విషమయ్యే సెప్సిస్ లాంటి జబ్బుల్లోనూ అవి కాపాడాయి. 'సెల్' పత్రిక దీన్ని 2020 నవంబరులో ఆన్‌లైన్‌లో, 2021 జనవరిలో ముద్రణలో ప్రచురించింది.

ఎలుకకి పట్టింది మనిషికి పడుతుందా?

పేపర్లో 'కరోనాకి మందు కనుక్కున్న తెలుగు బిడ్డ' లాంటి శీర్షిక పెట్టడం తేలిక. కానీ ఎలుక నుంచి మనిషి దాకా ఉన్న దూరం మెంఫిస్ నుంచి కొత్తగూడెం దాకా ఉన్న దూరం కన్నా ఎక్కువ. ఆ సంగతి ఈ అడవి ప్రాంతానికి బాగా తెలిసిన జబ్బుతోనే ఒకసారి రుజువైంది.

మలేరియా. భద్రాచలం ఏజెన్సీలో చలిజ్వరం అంటే తెలియని గూడెం లేదు. ఒకప్పుడు బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు మన్యం జ్వరానికి భయపడి సెలవు పెట్టేసేవారు. పదేపదే జ్వరం తగిలిన పిల్లలకి కడుపులో బల్ల పెరిగి పొట్ట ముందుకొచ్చేది. అందులో ఫాల్సిపేరం రకం మెదడుకి ఎక్కితే పిల్లలు మూర్ఛలొచ్చి స్పృహ కోల్పోతారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసి ఇంతకాలమైంది గానీ, జ్వరం మెదడుకి ఎక్కితే ఏంచేయాలో మాత్రం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

1987లో జార్జ్ గ్రావ్ బృందం చిట్టెలుకల్లో ఈ మెదడు మలేరియాకి టీఎన్ఎఫే ముఖ్య కారణమని చూపించింది. టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే ఎలుకలు బతికాయి. ఇంకేం, దొరికిందనుకున్నారు. ఆఫ్రికాలోని గాంబియాలో మెదడు మలేరియాతో వచ్చిన 610 మంది పిల్లల మీద పరీక్ష చేశారు. ఫలితం 1996లో వచ్చింది. జ్వరం త్వరగా దిగింది. చావులు మాత్రం తగ్గలేదు. పైగా బతికి బయటపడ్డవాళ్లలో నరాల లోపాలు మిగిలిపోవడం యాంటీబాడీ తీసుకున్న పిల్లల్లోనే ఎక్కువగా కనిపించింది. ఎలుకలకి జబ్బు మొదలవకముందే మందిస్తారు. గాంబియా తల్లి బిడ్డని ఎత్తుకుని ఆసుపత్రికి వచ్చేసరికే మంట అంటుకుని ఉంటుంది. ఈ తేడా చిన్నదేం కాదు. సెప్సిస్‌లోనూ టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే మందులు ఇలాగే నిరాశపరిచాయి.

అయితే ఇదే టీఎన్ఎఫ్‌ని అడ్డుకోవడం ఇంకోచోట లక్షలమంది జీవితాల్ని మార్చేసింది. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయి జడ కూడా అల్లుకోలేని ఆడవాళ్లు ఉంటారు కదా... వాళ్లకి 1998 తర్వాత వచ్చిన ఇన్‌ఫ్లిక్సిమాబ్, ఎటనర్‌సెప్ట్, ఆ తర్వాత 2002లో వచ్చిన అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లు కొత్త ప్రాణం పోశాయి. మన దేశంలో 2014లో జైడస్ సంస్థ అడాలిముమాబ్‌కి చవక రూపం తెచ్చింది. దీర్ఘకాలం నెమ్మదిగా కాలే మంటని ఆర్పడానికి పనికొచ్చిన నీళ్లు, ఒక్కసారిగా భగ్గుమన్న మంటకి పనికిరాలేదన్నమాట.

ఈ ఇంజెక్షన్లతో మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. మన ఊపిరితిత్తుల్లో ఎప్పుడో దూరి నిద్రపోతున్న క్షయ క్రిముల చుట్టూ కణాలు గోడ కట్టి బంధిస్తాయి. ఆ గోడ నిలబడడానికి టీఎన్ఎఫ్ కావాలి. దాన్ని ఆపేస్తే గోడ కూలి క్షయ బయటికొస్తుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవాళ్లలో ఇలా జరుగుతోందని 2001లోనే బయటపడింది. అందుకే ఆ మందు మొదలుపెట్టేముందు డాక్టర్లు క్షయ పరీక్షలు చేయిస్తారు. 'కీళ్ల నొప్పులకి ఛాతీ ఎక్సరే ఎందుకండీ, డబ్బులు గుంజడానికా?' అని విసుక్కునేవాళ్లు కనిపిస్తుంటారు. అది డబ్బుల కోసం కాదు.

మళ్లీ కరోనాకొద్దాం. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ని ఆసుపత్రిలో చేరిన కరోనా రోగుల మీద అమెరికా ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున పరీక్షించారు. 2023లో ప్రచురించిన ఫలితాల్లో, రోగులు కోలుకునే సమయం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అసలు పరీక్ష పెట్టింది దానికోసమే కాబట్టి లెక్కప్రకారం నెగ్గనట్టే. కానీ 28 రోజుల్లో చనిపోయినవాళ్లు ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 14.5 శాతం ఉంటే, ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవాళ్లలో 10.1 శాతమే. తీసిపారేయడానికి లేదు, పండగ చేసుకోవడానికీ లేదు. టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా రెండింటినీ ఒకేసారి అడ్డుకోవడమన్నది ఎలుకల్లో చూసిన పద్ధతి. ఈ పరీక్షలో ఒక్కదాన్నే అడ్డుకున్నారు.

ఇంకో దారి మాత్రం మనకి బాగా పరిచయం. పైన చెప్పిన వరసలో మొదటిది జాక్. దాన్ని అడ్డుకునే బారిసిటినిబ్ అనే మాత్ర అంతకుముందే కీళ్లవాతానికి ఉంది. కరోనాలో అది చావుల్ని తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. 2021 మేలో, ఆక్సిజన్ కోసం జనం అల్లాడుతున్న రోజుల్లో, ఆ మందు కంపెనీ ఎలై లిల్లీ నుంచి అనుమతి తీసుకుని హైదరాబాద్‌కి చెందిన నాట్కో, డాక్టర్ రెడ్డీస్, ఎంఎస్ఎన్ సంస్థలు కూడా దాన్ని తయారుచేసేందుకు సిద్ధమయ్యాయి. ఆ మందు వాడకం సెయింట్ జూడ్ పత్రం చూసి మొదలైంది కాదు. కానీ ఆ మాత్ర ఎందుకు పనిచేసి ఉంటుందో ఆ పత్రం చదివితే బాగా అర్థమవుతుంది.

అడవికి అవసరమైన సమాధానం

2023లో ఆమె బృందం 'సెల్'లోనే ఇంకో పత్రం ప్రచురించింది. కరోనా పత్రానికి వచ్చినంత ప్రచారం దీనికి రాలేదు గానీ, భద్రాచలం అడవికి ఇది ఇంకా దగ్గరి సంగతి. ఎర్రరక్తకణం పగిలితే అందులోంచి హీమ్ అనే ఇనుము ఉన్న పదార్థం బయటపడుతుంది. హీమ్ ఒక్కటే ఉంటే కణాలు తట్టుకుంటాయి. దానికి సూక్ష్మజీవుల తునకలు తోడైతే ఎన్ఎల్ఆర్‌పీ12 అనే కాపలాదారు మేల్కొని పానాప్టోసిస్ మొదలుపెడుతుంది. మళ్లీ అదే... రెండు కలిస్తేనే. ఎన్ఎల్ఆర్‌పీ12 లేని ఎలుకల్లో రక్తకణాలు పగిలినా మూత్రపిండాలు దెబ్బతినడం తగ్గింది, చావులూ తగ్గాయి.

ఎర్రరక్తకణాలు కుప్పలుగా పగిలే జబ్బులేవి? మలేరియా ఒకటి. సికిల్‌సెల్ రక్తహీనత రెండోది. గోదావరి ఏజెన్సీలో, కోయల్లో సహా గిరిజనుల్లో ఈ రెండూ ఉన్నాయి. అవి పక్కపక్కన ఉండడం యాదృచ్ఛికమేం కాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే సికిల్ జన్యువు వచ్చిన బిడ్డకి ఫాల్సిపేరం మలేరియా అంత తీవ్రంగా రాదు. దోమ ఉన్నచోట ఆ జన్యువు తరతరాలుగా నిలిచిపోవడానికి కారణం ఇదే. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం ఎర్రకణాలు కొడవళ్లలా వంగి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుని, ఒళ్లంతా విరగ్గొట్టినట్టు నొప్పి పెడతాయి. అలాంటి పిల్లలకి మామూలు ఇన్‌ఫెక్షన్ సోకినా ఒక్కసారిగా పరిస్థితి ఎందుకు విషమిస్తుందో వెతికేవాళ్లకి, హీమ్‌కి సూక్ష్మజీవి తోడైతే ఏమవుతుందన్న ఈ ప్రయోగం ఒక ఆధారం. ఆధారమే... మందు కాదు. ఎన్ఎల్ఆర్‌పీ12ని అడ్డుకునే మాత్ర ఏదీ డాక్టర్ చీటీ మీద రాసే స్థితికి రాలేదు.

కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం ప్రారంభించింది. 2047 గడువు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ అందులో ఉన్నాయి. వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి పరీక్షించి, ఫలితాన్ని బట్టి కార్డు ఇస్తారు. పెళ్లి సంబంధాలు చూసుకునేటప్పుడు రెండువైపులా ఆ కార్డులు చూసుకోవాలని ఆరోగ్య సిబ్బంది చెబుతారు. వానాకాలంలో వాగులు పొంగి దారి మూసుకుపోయే గూడేల దాకా ఆ చుక్క రక్తం పరీక్ష వెళ్లాలి. సికిల్‌సెల్ ఉన్న బిడ్డకి జ్వరం వస్తే మర్నాటిదాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలన్న మాట కూడా దానితోపాటే వెళ్లాలి.